పప్పు మానేసే ముందు: పొట్టను గాడిలో పెట్టే వరస

పొట్ట ఉబ్బరిస్తే మన ఇళ్లలో మొదట వేటు పడేది పప్పు మీద. ఆ తర్వాత వంకాయ, ఆలుగడ్డ, చేమదుంప "వాతం" పేరుతో పోతాయి. ఇంకొన్నాళ్లకు పాలు, పెరుగు. ఆరు నెలలు తిరిగేసరికి కంచంలో మిగిలేవి తెల్లన్నం, చారు, ఇడ్లీ. వాటికి తోడు పరగడుపున ఒక గ్యాస్ మాత్ర. ఇంత చేసినా ఉబ్బరం అలాగే ఉంటుంది, పైగా మలబద్ధకం వచ్చి చేరుతుంది. మానేసిన వాటితోపాటే పీచూ పోయింది కదా మరి.

డైటీషియన్లు పనిచేసే వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు తినే వేళలు, నీళ్లు, విరేచనం, నిద్ర సరిచేస్తారు. తర్వాత వండే పద్ధతి చూస్తారు. ఆపైన పీచు పెంచుతారు. ఏదైనా తినడం మాన్పించేది అన్నిటికన్నా చివర, అదీ గడువు పెట్టి. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాల పని. వారం తిరక్కుండానే "ఏం తేడా లేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ కాబట్టి గడువు ముందే చెబుతున్నాం.

ఇంట్లో తేల్చుకోకూడనివి

ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. గుండెపోటును గ్యాస్ నొప్పిగా పొరబడి ఉదయం దాకా ఆగడం ప్రాణం మీదకు తెస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఉత్త పైపొట్ట అసౌకర్యంగా, వికారంగా కూడా రావచ్చు. ముందు ఈసీజీ, ఆ తర్వాతే వాము.

మలంలో రక్తం, తారులా నల్లగా జిగురుగా విరేచనం, మింగేటప్పుడు అడ్డుపడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఆగని వాంతులు, నిద్రలోంచి లేపే విరేచనాలు, పచ్చకామెర్లు, కారణం తెలియని రక్తహీనత, 45 ఏళ్లు దాటాక కొత్తగా మారిన విరేచనం అలవాటు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం: వీటిలో ఒక్కటి ఉన్నా ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. అయితే ఐరన్ వాడనివాళ్లకు నల్లగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు వారాల చిట్టా

ఒక నోట్‌బుక్కులో రోజుకో పేజీ. ఐదు విషయాలు రాయాలి: ఎన్ని గంటలకు తిన్నారు, ఏం తిన్నారు (కొలతతో), ఎన్ని గంటలకు ఇబ్బంది మొదలైంది, విరేచనం ఎలా అయింది, రాత్రి ఎన్ని గంటలకు పడుకుని ఎప్పుడు లేచారు. ఆడవాళ్లు నెలసరి రోజులు కూడా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ వారంలో ఉబ్బరం, విరేచనం రెండూ మారతాయి. వేసుకునే ప్రతి మాత్రా, విటమిన్ అయినా సరే, రాయండి.

"టిఫిన్" అని రాస్తే పనికిరాదు. "ఇడ్లీ 4, పల్లీ చట్నీ గరిటెడు, కారప్పొడి, నెయ్యి, కాఫీ 150 మి.లీ." అని రాయాలి. ఈ రెండు వారాలు తిండి ఏమీ మార్చవద్దు. చిట్టా రాస్తున్నాం కదా అని బుద్ధిగా తినడం మొదలుపెడితే జబ్బు దాక్కుంటుంది.

విరేచనం రాయడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, దానికో కొలబద్ద ఉంది. 1997లో వెలువడిన బ్రిస్టల్ స్కేలులో ఏడు రకాలున్నాయి. 1 అంటే మేకపెంటికల్లా విడివిడి గట్టి ఉండలు, 2 అంటే ఉండలు అంటుకున్న గట్టి ముద్ద, 3 పైన పగుళ్లున్న అరటిపండు ఆకారం, 4 నునుపుగా మెత్తగా ఉండేది, 5 మెత్తటి ముక్కలు, 6 జావలాంటిది, 7 ఉత్త నీళ్లు. 3, 4 ఆరోగ్యం. రోజూ వెళ్తున్నా 1, 2 రకాలే వస్తుంటే అది మలబద్ధకమే. రోజు విడిచి రోజు వెళ్లినా 4 రకం సులువుగా వస్తే అందులో జబ్బేమీ లేదు.

చిట్టాలో అసలు కీలకం ఇబ్బంది మొదలైన గంట. అందరూ ఆఖర్న తిన్నదాన్నే అనుమానిస్తారు, చాలాసార్లు అది పొరపాటు. తింటుండగానే లేదా అరగంటలోపు బరువెక్కితే సమస్య జీర్ణకోశంలో: ఎక్కువ తిన్నారు, గబగబా తిన్నారు, లేదా నూనె ఎక్కువైంది. అరగంట నుంచి రెండు గంటల్లోపు గుడగుడ, పలచటి విరేచనం వస్తే పాలను అనుమానించవచ్చు. పప్పు దినుసుల్లో, ఉల్లిలో, వెల్లుల్లిలో మన పేగు అరిగించలేని చక్కెరలుంటాయి. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. దానికి నాలుగు గంటలు పట్టవచ్చు, ఎనిమిదీ పట్టవచ్చు. అంటే రాత్రి తొమ్మిదింటి ఉబ్బరానికి కారణం రాత్రి తిన్న పెరుగన్నం అయ్యే అవకాశం తక్కువ, మధ్యాహ్నం సాంబారు అయ్యే అవకాశం ఎక్కువ. పడుకున్నాక గొంతులోకి పుల్లగా తన్నుకొస్తే అది తిండి కన్నా వేళకు సంబంధించిన విషయం.

వేళలు: చిట్టా ముగిశాక మొదటి రెండు వారాల పని

ఖాళీగా ఉన్నప్పుడు జీర్ణకోశం, చిన్నపేగు సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి తమను తాము ఊడ్చుకుంటాయి. మిగిలిన తునకల్నీ సూక్ష్మజీవుల్నీ ఆ అలలు కిందికి నెడతాయి. రెండు బిస్కెట్లు, కాసిని చెగోడీలు, చక్కెర వేసిన టీ, ఏది పడ్డా ఊడుపు ఆగిపోతుంది. కాబట్టి తిండికీ తిండికీ మధ్య మూడున్నర, నాలుగు గంటలు ఖాళీ వదలండి. మధ్యలో మంచినీళ్లు తాగవచ్చు. టీ మానలేకపోతే భోజనం చివరికో టిఫిన్ చివరికో జరపండి, విడిగా నాలుగుసార్లు వద్దు. షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు ఈ ఖాళీలను డాక్టరుతో మాట్లాడాకే పెంచాలి.

రాత్రి భోజనానికీ పక్కకూ మధ్య మూడు గంటలు ఉండాలి. అన్నిటికన్నా కష్టమైన సలహా ఇదే. తొమ్మిదింటికి ఇల్లు చేరి, తొమ్మిదిన్నరకు తిని, పదకొండుకు పడుకునే ఉద్యోగులకు "ఏడింటికే తినండి" అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. దానికి బదులు భోజనాన్ని రెండు ముక్కలు చేయండి. సాయంత్రం ఆరున్నర, ఏడుకు ఆఫీసులోనే అసలు తిండి (రెండు జొన్న రొట్టెలు, కూర, లేదా ఉప్మా, ఉడికించిన గుడ్డు), ఇంటికెళ్లాక కప్పు మజ్జిగన్నం. నూనె, మసాలా, మాంసం ఉన్నవన్నీ మొదటి ముక్కలోకి పోవాలి. రాత్రి పదకొండింటికి ఫోన్లో తెప్పించుకున్న బిర్యానీ మర్నాటి ఉదయం దాకా పొట్టలో ఉన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే కొవ్వు జీర్ణకోశాన్ని ఖాళీ కానివ్వదు.

భోజనానికి ఇరవై నిమిషాలు పెట్టండి. మన తిండిలో ఒక చిక్కుంది: పప్పన్నం, చారన్నం, పెరుగన్నం నమలకుండానే జారిపోతాయి. పిండిపదార్థం అరుగుదల నోట్లో లాలాజలంతోనే మొదలవుతుంది. చారన్నం ముద్దనైనా పది, పదిహేను సార్లు నమలాలి. గబగబా మింగితే గాలి కూడా మింగుతాం, ఆ గాలే తేన్పులుగా వస్తుంది. తేన్పులు ఎక్కువైనవాళ్లు స్ట్రా, గ్యాస్ కూల్‌డ్రింకు, చూయింగ్ గమ్ ఆపి చూస్తే వారంలో తేడా తెలుస్తుంది. భోజనంతో గ్లాసు నీళ్లు తాగితే జీర్ణరసం పలచబడి అరగదన్న మాటకు ఆధారం లేదు. గ్లాసు వరకు నిశ్చింతగా తాగండి.

లంగా బొందు లేదా బెల్టు బిగుతు కూడా చూసుకోండి. పొట్టను నొక్కిపట్టే బొందు ఆమ్లాన్ని పైకి తోస్తుంది. ఒక బెత్తెడు కిందికి కట్టి, రెండు వేళ్లు దూరేంత వదులు చేస్తే భోజనం తర్వాతి మంట చాలామందికి తగ్గుతుంది.

విరేచనం తేలిగ్గా కావాలంటే

కదలని మలం వెనక గ్యాస్ చిక్కుకుంటుంది. అందుకే ఉబ్బరానికి వచ్చినవాళ్లను మొదట అడిగే ప్రశ్న విరేచనం గురించే. ఇది కుదిరితే సగం మందికి ఇంకేం మార్చాల్సిన పని ఉండదని మా అభిప్రాయం.

తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున్న ఆ కదలిక బలంగా ఉంటుంది. ఆ అదును వాడుకోవాలి. లేవగానే గోరువెచ్చని నీళ్లు ఒకటి రెండు గ్లాసులు తాగండి. టిఫిన్ తినండి. తిన్న పావుగంట, అరగంటకు, పిలుపు వచ్చినా రాకపోయినా, వెళ్లి కూర్చోండి. పది నిమిషాలు దాటవద్దు, ఫోను బయట పెట్టండి. ముక్కుతూ అరగంట కూర్చుంటే మొలలు వస్తాయి. రోజూ అదే వేళకు వెళ్తే రెండు, మూడు వారాల్లో పేగు ఆ వేళ నేర్చుకుంటుంది. ఆఫీసు బస్సు ఏడింటికి ఉందని పిలుపును అణచుకునేవాళ్లకు కొన్నాళ్లకు ఆ పిలుపే రావడం మానేస్తుంది. అరగంట ముందు లేవడం తప్ప దీనికి మందు లేదు.

వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు పీట వేసుకోండి. మోకాళ్లు నడుము కన్నా పైకి రావాలి, మోచేతులు మోకాళ్ల మీద ఆన్చి కాస్త ముందుకు వంగాలి. మలద్వారాన్ని మడిచి పట్టుకునే ఒక కండరం నిటారుగా కూర్చుంటే పూర్తిగా వదలదు, గొంతుక్కూర్చుంటే వదులుతుంది. మోకాళ్ల నొప్పులతో నేలమీది దొడ్డి వదిలి కమోడ్‌కు మారిన పెద్దవాళ్లకు మలబద్ధకం మొదలైతే ఈ పీట ఒక్కటీ వేసి చూడండి.

ఇసబ్‌గోల్ వాడే పద్ధతిలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. మొదటి వారం చిన్న చెంచా, ఆ తర్వాత పెద్ద చెంచా (సుమారు 5 గ్రా.). 250 మి.లీ. నీళ్లలో కలిపి జిగురుగా మారకముందే తాగాలి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అది లోపల బంకలా గడ్డకట్టి మలబద్ధకాన్ని పెంచుతుంది. మింగడం కష్టమైనవాళ్లు వాడకూడదు. థైరాయిడ్ మాత్రకూ మిగతా మందులకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఫలితం మొదటి రోజే రాదు, రెండు మూడు రోజులు పడుతుంది. సునాముఖి ఆకు ఉన్న చూర్ణాలు పేగును తరిమి పనిచేయిస్తాయి. ఎప్పుడో ఒకసారి సరే, రోజువారీ అలవాటుకు తగవు. పిల్లలకు నెలనెలా ఆముదం పట్టించే పాత పద్ధతి ఇక వద్దు.

మాత్రల జాబితా చూడండి. ఐరన్, కాల్షియం, కొన్ని బీపీ మందులు, దగ్గు మందుల్లోని కోడీన్, కొన్ని మానసిక సమస్యల మందులు మలాన్ని గట్టిపరుస్తాయి. మానేయవద్దు, డాక్టరును అడిగి రకమో వేళో మార్పించుకోండి. మలబద్ధకంతోపాటు చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

పీచు ఎంత పెంచినా లాభం లేని ఒక రకం ఉంది. పిలుపు వస్తుంది, మలం గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది, వేలితో సాయం చేయాల్సి వస్తుంది, అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఇందులో ముక్కేటప్పుడు వదలాల్సిన కండరం బిగుసుకుంటుంది. వీళ్లకు ఊక, సబ్జా, ఇసబ్‌గోల్ పెంచితే ఉబ్బరం రెట్టింపవుతుంది. మానోమెట్రీ అనే పరీక్షతో ఇది తేలుతుంది, బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణతో కండరానికి వదలడం నేర్పుతారు.

పప్పు తినండి, వండే తీరు మార్చండి

కందిపప్పు కడిగి నేరుగా కుక్కర్లో వేయడం మన అలవాటు. దాన్ని అరగంట, వీలైతే రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించండి. గ్యాస్ పుట్టించే చక్కెరలు నీళ్లలో కరుగుతాయి, పారబోసిన నీళ్లతో కొంత పోతాయి. శనగలు, అలసందలు, రాజ్మా లాంటి గింజలైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానాలి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి, వేళ్ల మధ్య నొక్కితే పేస్టులా నలిగేదాకా ఉడకాలి. సరిగా ఉడక్క పలుకుగా ఉన్న శనగల గుగ్గిళ్లే సాయంత్రానికి పొట్టను డోలు చేస్తాయి. త్వరగా ఉడకాలని సోడా వేస్తే బి1 విటమిన్ పోతుంది. వేయవద్దు.

పప్పు మానేసి ఉన్నవాళ్లు తిరిగి మొదలుపెట్టే వరస ఇది. మొదటి వారం పొట్టు తీసిన పెసరపప్పు, మనిషికి 15 గ్రా. (పెద్ద చెంచాడు పచ్చిపప్పు), పలచగా పప్పుచారులా. రెండో వారం అదే 30 గ్రా., ముద్దగా. మూడో వారం కందిపప్పు. నాలుగో వారం మొలకెత్తిన పెసలు, ఆవిరి మీద ఉడికించి. శనగపప్పు, శనగలు అన్నిటికన్నా చివర. పేగులోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి రెండు, మూడు వారాలు పడుతుంది. అందుకే ఒక్కసారి గిన్నెడు తిని "చూశారా, పడలేదు" అనడం న్యాయం కాదు. ఇక మిర్చిబజ్జీ, ఉల్లిపకోడీ, జంతికలు తిని పప్పును తిట్టేవాళ్ల సంగతి వేరు. అక్కడున్నది శనగపిండి, పైన నూనె, లోపల ఉల్లి. మూడూ ఒకేసారి.

ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్లకు ఒక చిట్కా పనిచేస్తుంది. వెల్లుల్లిలోని ఆ చక్కెర నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. కాబట్టి తాలింపు నూనెలో రెబ్బలు చితక్కుండా ఎర్రగా వేయించి, తీసి పక్కన పెట్టేసి, ఆ నూనెతోనే పోపు వేసుకోండి. వాసనంతా వస్తుంది, ఉబ్బరం రాదు. రెబ్బల్ని చారులోనో కూరలోనో ఉడికించి తర్వాత ఏరేస్తే లాభం లేదు, అప్పటికే నీళ్లలోకి దిగిపోయి ఉంటుంది. ఇంగువ చిటికెడు పర్వాలేదు. బజార్లో దొరికే డబ్బా ఇంగువలో చాలావరకు మైదా కలిపి ఉంటుంది, గోధుమ అసలే పడని సీలియాక్ జబ్బున్నవాళ్లు డబ్బా మీద చదివి కొనుక్కోవాలి.

ఇడ్లీ పిండి పూర్తిగా పులిస్తేనే తేలిక. ఎండాకాలం ఆరు నుంచి ఎనిమిది గంటలు, చలికాలం పన్నెండు దాటవచ్చు. డాలస్, న్యూజెర్సీ చలిలో ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెట్టేది అందుకే. రుబ్బి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేసిన దోసె పులిసిన దోసె కాదు. అలాగని ఇడ్లీలో బతికున్న మంచి బ్యాక్టీరియా ఉందనుకోవద్దు, ఆవిరికి అది చచ్చిపోతుంది. పులియడంలో పిండి సగం అరిగి ఉండటమే లాభం.

పీచు: వారానికి 5 గ్రాముల చొప్పునే పెంచాలి

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రా. పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మూడు ఇడ్లీలు, రెండు పూటలా తెల్లన్నం, కాస్త పప్పు, చారెడు కూర తినే ఇంట్లో లెక్క వేస్తే 15, 18 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రా. పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రా. లోపే. రాగుల్లో 11, జొన్నల్లో 10, తోటకూరలో 4కు పైన, తెల్ల జామకాయలో 8కి పైన.

మొదటి వారం ఒక జామకాయ చేర్చండి, మగ్గినది, మధ్యాహ్నం భోజనం చివర. రెండో వారం ఆకుకూర కప్పు, వారంలో నాలుగు రోజులైనా. మూడో వారం ఒక పూట అన్నంలో సగం తీసి రాగి సంగటి లేదా జొన్న రొట్టె. నాలుగో వారం కూర పరిమాణం రెట్టింపు: అన్నంలోకి నంజుకునేంత కాకుండా, అన్నంతో సమానంగా. బీర, సొర, పొట్ల, బెండ, దొండ ఏదైనా సరే. ఒక్కో మెట్టుకూ గ్లాసు నీళ్లు పెంచాలి. మామూలు రోజుల్లో మజ్జిగతో కలిపి రోజుకు రెండు, రెండున్నర లీటర్లు, మే నెల ఎండల్లో పనిచేసేవాళ్లకు ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. కిడ్నీ, గుండె జబ్బులతో నీళ్లకు హద్దు పెట్టినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఒక్కసారిగా చిరుధాన్యాలకు మారి, మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలు తిని, నాలుగో రోజు కడుపు పట్టుకునేవాళ్లు కొల్లలు. ఏళ్ల తరబడి షుగరు ఉండి జీర్ణకోశం మందగించినవాళ్లకైతే సంగటి ముద్ద గంటల తరబడి కదలదు, వాళ్లు డాక్టరును అడగకుండా పీచు పెంచకూడదు.

పెరుగు సంగతి చిన్నది. ఇంట్లో తోడు పెట్టింది రోజుకు కప్పు చాలు. పాలు పడనివాళ్లలోనూ చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, తోడు పాలచక్కెరను కొంత తినేస్తుంది గనుక. చద్దన్నం మంచిదే, కాకపోతే వండిన అన్నాన్ని గంటలోపు చల్లార్చి, నీళ్లో మజ్జిగో మునిగేలా పోసి, మూతపెట్టి, పొద్దున్నే తినేయాలి. ఉత్త అన్నాన్ని రాత్రంతా వంటగట్టు మీద వదిలేసి పొద్దున్న వేడి చేసుకోవడం ప్రమాదం. అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విడిచే విషం వేడికి పోదు. ఖరీదైన ప్రోబయోటిక్ పొడులకు ఇక్కడ చోటు లేదు, డాక్టరు ఫలానా జబ్బుకు ఫలానా రకమని రాస్తే తప్ప.

మంట, మాత్రలు

గుంటూరు కారం కడుపులో పుండు పెట్టదు. మండుతున్న పుండును ఇంకా మండిస్తుంది, అంతవరకే. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను వెలికితీశారు, ఎక్కువ పుండ్లకు అదే మూలమని తేల్చినందుకు 2005లో నోబెల్ అందుకున్నారు. రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్. నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని పరగడుపున వేసుకుంటూ, పచ్చడి మానేశానని చెబితే లాభం ఏముంది? నెలల తరబడి మంట ఉంటే ఆ బ్యాక్టీరియాకు శ్వాస పరీక్ష లేదా మల పరీక్ష చేస్తారు. పరీక్షకు రెండు వారాల ముందు గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయోటిక్స్ ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఆపే ముందు డాక్టరుకు చెప్పండి.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ రకం మాత్రలు టిఫిన్‌కు అరగంట, గంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. మామూలుగా ఇవి నాలుగు నుంచి ఎనిమిది వారాల కోర్సు. చీటీ తీరిపోయినా ఏళ్ల తరబడి కొనుక్కుంటూ పోతే బి12, మెగ్నీషియం తగ్గుతాయి. పేరు చివర "డి" ఉన్న చాలా క్యాప్సూల్స్‌లో డోమ్‌పెరిడోన్ కూడా ఉంటుంది. అది గుండె లయను చెదరగొట్టగలదు, అది అసలే సొంతంగా కొనసాగించేది కాదు. పాంటాప్రజోల్ రకం మాత్రల్ని హఠాత్తుగా ఆపితే ఆమ్లం ఎదురుతన్ని కొన్ని వారాలు మంట పెరుగుతుంది. "మాత్ర లేకుండా బతకలేను" అన్న నమ్మకం అక్కడే పుడుతుంది. డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి.

రాత్రి మంటకు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెం.మీ. ఎత్తండి. దిండ్లు పేరిస్తే మెడ వంగుతుంది, పొట్ట నొక్కుకుపోతుంది, మంట పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి.

నడక, ఊపిరి

ప్రతి భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు మామూలు నడక. పరుగు వద్దు. పేగుకు తనదైన నరాల వల ఉంది, మెదడుతో దానికి ఎడతెగని సంభాషణ. పరీక్షల ముందు పిల్లలకు విరేచనాలు పట్టేది అందుకే, ఆ బాధ నటన కాదు. పేగు సున్నితంగా ఉన్నవాళ్లు భోజనానికి ముందు ఐదు నిమిషాలు ఇలా చేయండి: వెల్లకిలా పడుకుని లేదా కుర్చీలో వెనక్కి ఆని, బొడ్డు మీద చెయ్యి పెట్టి, నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. చెయ్యి పైకి లేవాలి, ఛాతీ కాదు. నిద్ర ఏడు గంటలకు తగ్గితే మర్నాడు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. చిట్టాలో ఆ రెండు గడులూ పక్కపక్కనే పెట్టుకు చూడండి.

ఇక, మానేసి చూడటం

ఐదారు వారాలు ఇవన్నీ చేశాక కూడా ఉబ్బరం మిగిలితే అప్పుడు తీసేయడం. ఒక్కటొక్కటిగా. పాల మీద అనుమానమైతే రెండు వారాలు పాలు, కోవా, పనీర్, ఐస్‌క్రీం, పాల కాఫీ మాని, పదిహేనో రోజున పరగడుపున 250 మి.లీ. పాలు తాగి నాలుగు గంటలు గమనించండి. ఏమీ కాకపోతే పాలు నిర్దోషి. షుగరు తగ్గుతుందని రాత్రి అన్నం బదులు నాలుగు చపాతీలకు మారిన తర్వాతే ఉబ్బరం మొదలైందా? అయితే చపాతీ బదులు జొన్న రొట్టెతో రెండు వారాలు చూడండి. సీలియాక్ అనుమానం ఉంటే గోధుమ ఆపకముందే రక్తపరీక్ష చేయించాలి, ఆపాక చేస్తే తెలియదు.

ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా పేగు అతి సున్నితమై నొప్పి, విరేచనంలో తేడా తెచ్చే సమస్య) అని డాక్టరు తేల్చినవాళ్లకు మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఉంది: రెండు నుంచి ఆరు వారాలు గ్యాస్ చక్కెరలు ఎక్కువున్నవి ఆపి, తర్వాత ఒక్కోటీ తిరిగి పరీక్షించడం. ఆపేవి ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, జీడిపప్పు, కాలీఫ్లవర్, మామిడిపండు, పుచ్చకాయ, పాలు, చక్కెర లేని చూయింగ్ గమ్. తినదగ్గవాటిలో అన్నం, రాగి, జొన్న, గుడ్డు, చేప, క్యారెట్‌తోపాటు ఆలుగడ్డ, కప్పుడు వంకాయ కూడా ఉన్నాయి. మనం "వాతం" అని మొదట పంపేసినవే! ఏ కూరలోనైనా పడే ఉల్లి, వెల్లుల్లి మీద మాత్రం ఎవరూ వేలెత్తరు. బక్కచిక్కినవాళ్లు, గర్భిణులు, పిల్లలు, తిండి అంటే భయం పట్టుకున్నవాళ్లు డైటీషియన్ లేకుండా ఈ పద్ధతి జోలికి పోకూడదు.

తిరిగి తెచ్చుకోవడం ఇలా. ఒక్క పదార్థం తీసుకోండి, ఉల్లి అనుకుందాం. మొదటి రోజు కూరలో పెద్ద చెంచాడు తరుగు, రెండో రోజు రెండు చెంచాలు, మూడో రోజు సగం ఉల్లిపాయ. ఆ తర్వాత మూడు రోజులు ఉల్లి లేకుండా. ఈ ఆరు రోజుల్లో ఇంకే కొత్తదీ చేర్చవద్దు, పెళ్లి భోజనం ఉంటే పరీక్ష వాయిదా వేయండి. రెండో రోజు దాకా బాగుండి మూడో రోజు ఉబ్బరిస్తే చిట్టాలో "ఉల్లి పడదు" అని రాయకండి. "ఉల్లి, రోజుకు రెండు చెంచాల వరకు" అని రాసి, ఏడో రోజు వెల్లుల్లి మొదలుపెట్టండి.